కోల్‌కతా చిన్న క్లబ్‌లకు జాతీయ లీగ్ అందేనా?

నెలల తరబడి సాగిన అనిశ్చితి తరువాత భారత ఫుట్‌బాల్‌కు ఒక తేదీ దొరికింది. ఇండియన్ సూపర్ లీగ్ ఫిబ్రవరి 14న ప్రారంభమవుతుందని, 14 క్లబ్‌లూ పాల్గొంటాయని కేంద్ర క్రీడల మంత్రి మన్‌సుఖ్ మాండవీయ 2026 జనవరి 6న ప్రకటించారు. ప్రతి జట్టూ మిగిలిన జట్లతో ఒక్కొక్కసారి మాత్రమే తలపడే ఈ కుదించిన సీజన్‌లో 91 మ్యాచ్‌లు ఉంటాయి. దాని దిగువ శ్రేణి అయిన ఐ-లీగ్‌లో 11 క్లబ్‌లు 55 మ్యాచ్‌లు ఆడతాయి. పై శ్రేణిలోని 14 క్లబ్‌లలో మూడు కోల్‌కతావే: మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మదన్ స్పోర్టింగ్. ఐ-లీగ్‌లో కోల్‌కతా మైదానాల నుంచి ఎదిగి వచ్చిన మరో పేరు ఉంది. నగరానికి దక్షిణాన, హుగ్లీ నది ఒడ్డున ఉన్న పట్టణం పేరు పెట్టుకున్న డైమండ్ హార్బర్ క్లబ్ అది. 2022లో పుట్టిన ఈ క్లబ్ దేశపు అత్యున్నత లీగ్‌కు ఒక్క మెట్టు దూరంలో నిలిచింది. ఆ మెట్టు ఎక్కగలదా అన్న ప్రశ్న ఆ ఒక్క క్లబ్‌తో ఆగేది కాదు. కలకత్తా ఫుట్‌బాల్ లీగ్‌లో ఏటా ఆడే ఎరియన్, జార్జ్ టెలిగ్రాఫ్, భవానీపూర్, కాలీఘాట్, ఖిదిర్‌పూర్, పీర్‌లెస్ వంటి క్లబ్‌లన్నింటికీ అది వర్తిస్తుంది.

గత ఆగస్టులో జరిగిన డ్యూరాండ్ కప్ ఈ చర్చకు కొత్త ఊపునిచ్చింది. 1888లో సిమ్లాలో మొదలైన ఈ టోర్నమెంట్‌లో డైమండ్ హార్బర్ తొలిసారి ఆడింది. గ్రూపు దశలో మోహన్ బగాన్ చేతిలో 5-1తో ఓడింది. అదే దశలో మహమ్మదన్‌ను 2-1తో ఓడించి ముందడుగు వేసింది. క్వార్టర్‌ఫైనల్‌లో సూపర్ లీగ్ జట్టు జంషెడ్‌పూర్‌పై 2-0తో గెలిచింది. ఆగస్టు 20న సాల్ట్‌లేక్ స్టేడియంలో జరిగిన సెమీఫైనల్‌లో ఈస్ట్ బెంగాల్‌ను 2-1తో ఓడించింది. స్పెయిన్ ఆటగాడు మికెల్ కోర్తజార్ గోల్‌పోస్టుకు వీపు చేసి గాలిలోనే బంతిని వెనక్కి తన్ని తొలి గోల్ సాధించగా, అన్వర్ అలీ స్కోరు సమం చేశాడు. ఒకప్పుడు ఈస్ట్ బెంగాల్ జెర్సీ ధరించిన జాబీ జస్టిన్ విజయపు గోల్ కొట్టాడు. మూడు రోజుల తరువాత, 23న జరిగిన ఫైనల్‌లో మాత్రం నార్త్‌ఈస్ట్ యునైటెడ్ 6-1తో ఈ జట్టును చిత్తు చేసి టైటిల్ నిలబెట్టుకుంది.

ఈ రెండు ఫలితాలనూ పక్కపక్కనే ఉంచి చూడాలి. ఒక్క రాత్రి, తొంభై నిమిషాలు, సరైన పథకం, కొంత అదృష్టం కలిసి వస్తే చిన్న క్లబ్ పెద్ద క్లబ్‌ను ఓడించగలదని సెమీఫైనల్ చెప్పింది. రిజర్వు ఆటగాళ్ల నాణ్యత, శారీరక దారుఢ్యం, వరుస మ్యాచ్‌ల భారం లెక్కలోకి వచ్చినప్పుడు ఏమవుతుందో ఫైనల్ చెప్పింది. నాకౌట్ కప్ ధైర్యవంతుడికి అవకాశమిస్తుంది. లీగ్‌లో దీర్ఘకాలం నిలవాలంటే ఖజానా కావాలి.

ఈ తేడా తెలుగువారికి కొత్తది కాదు. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలుచుకుంది. నాడు దేశంలో జాతీయ లీగ్ లేదు. డ్యూరాండ్, రోవర్స్, ఐఎఫ్‌ఏ షీల్డ్ అనే మూడు కప్పులే అగ్రస్థానానికి కొలమానం. పోలీసు కొలువు చేసుకుంటూ ఆడే కుర్రాళ్లు రైలెక్కి వెళ్లి, కలకత్తా దిగ్గజాలను ఓడించి, అదే రైల్లో తిరిగి రాగలిగేవారు. ప్రవేశ రుసుము, లైసెన్సు, పెట్టుబడిదారుడు అన్న మాటలు అప్పుడు ఫుట్‌బాల్ భాషలో లేవు. ఆ జట్టు నిర్మించిన వారసత్వాన్ని కోల్‌కతా క్లబ్‌లు తరువాత బాగానే వాడుకున్నాయి. హైదరాబాద్‌లో పుట్టి, మూడు పెద్ద క్లబ్‌లకూ ఆడి, ఆ నగరం చేత ‘బడే మియా’ అనిపించుకున్న మహమ్మద్ హబీబ్ ఆ వరుసలో అందరికంటే ప్రసిద్ధుడు.

అయితే తలుపు మూసి ఉంచే అలవాటు మాత్రం కోల్‌కతాకు పాతదే. 1898లో ప్రారంభమైన కలకత్తా లీగ్ ఆసియాలోని అతి పురాతన ఫుట్‌బాల్ లీగ్‌లలో ఒకటి. తొలి ఏళ్లలో అది సైనిక రెజిమెంట్లు, ఆంగ్లేయ క్లబ్‌ల సొంత వేదిక. 1911 జూలై 29న ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటును 2-1తో ఓడించి షీల్డ్ గెలిచిన మోహన్ బగాన్‌కు సైతం లీగ్ మొదటి డివిజన్‌లో 1915 వరకు చోటు దక్కలేదు. తరువాత ఎరియన్ వచ్చింది. మొదటి డివిజన్‌లో భారతీయ జట్లు రెండింటికి మించరాదన్న పరిమితి ఉండేది. 1920లో స్థాపితమైన ఈస్ట్ బెంగాల్ పై డివిజన్‌కు అర్హత సంపాదించినప్పుడు ఈ నిబంధన అడ్డు వచ్చింది. ఆంగ్లేయ క్లబ్‌లు మెత్తబడ్డాయనీ, అప్పటికే లోపల ఉన్న రెండు భారతీయ క్లబ్‌లే అభ్యంతరం చెప్పాయనీ నేటికీ చెప్పుకుంటారు. చివరకు 1925లో ఈస్ట్ బెంగాల్ ప్రవేశించింది. లోపలికి చేరినవారు తలుపు దగ్గర కాపలాదారులుగా మారడం ఏ కాలంలోనైనా జరిగేదే.

ఆ తలుపు పూర్తిగా తెరుచుకున్నాక ఏం జరిగిందో 1934 చూపించింది. అదే ఏడాది మొదటి డివిజన్‌కు చేరిన మహమ్మదన్ స్పోర్టింగ్ తొలి ప్రయత్నంలోనే లీగ్ గెలిచింది. అంతకుముందు ఏ భారతీయ జట్టూ ఆ పని చేయలేదు. అక్కడితో ఆగక 1938 వరకు వరుసగా ఐదుసార్లు విజేతగా నిలిచింది. కింది నుంచి వచ్చిన జట్టు పోటీ స్థాయిని తగ్గిస్తుందనే వాదనకు కోల్‌కతా చరిత్రలోనే ఇంతకంటే బలమైన జవాబు లేదు.

స్వాతంత్ర్యానంతరం మూడు పెద్ద క్లబ్‌ల ఆధిపత్యం స్థిరపడింది. 1958లో ప్రదీప్ కుమార్ బెనర్జీ ఆడిన ఈస్టర్న్ రైల్వే జట్టు లీగ్ గెలిచింది. ఆ తరువాత పెద్ద మూడింటికి వెలుపలి జట్టు మళ్లీ విజేత కావడానికి 61 ఏళ్లు పట్టింది. 2019లో పీర్‌లెస్ ఆ ఘనత సాధించింది. ఆ విజయానికి ఫలం ఏమిటని అడిగితే సమాధానం ఇబ్బందికరంగా ఉంటుంది. ఒక కప్పు, కొన్ని రోజుల పత్రికా శీర్షికలు, అంతే. అప్పటి నియమాల్లో కలకత్తా లీగ్ విజేతకు జాతీయ లీగ్‌లో నేరుగా చోటు లేదు. శతాబ్దానికి పైబడిన లీగ్‌లో అరుదైన విజయం సాధించిన జట్టు మరుసటి ఏడాది మళ్లీ అదే మైదాన్‌లో, అదే ప్రత్యర్థులతో ఆడుకోవలసి వచ్చింది.

ఆ లోపం కొంతవరకు సరిదిద్దబడింది. ఇప్పుడు రాష్ట్ర లీగ్‌ల నుంచి ఎంపికైన క్లబ్‌లు ఐ-లీగ్ 3 ఆడతాయి. అందులో రాణిస్తే ఐ-లీగ్ 2, అక్కడి నుంచి ఐ-లీగ్, ఆపై సూపర్ లీగ్. కాగితం మీద ఇది నిట్టనిలువు నిచ్చెన. డైమండ్ హార్బర్ దానిని ఆశ్చర్యకరమైన వేగంతో ఎక్కింది. 2024-25లో ఐ-లీగ్ 3, ఐ-లీగ్ 2 రెండింటినీ ఒకే సీజన్‌లో గెలుచుకుంది. జట్టును నడిపిస్తున్న స్పెయిన్ శిక్షకుడు కిబు వికూన్యా 2019-20లో మోహన్ బగాన్‌ను ఐ-లీగ్ విజేతగా నిలిపిన వ్యక్తి. స్థానిక ప్రతిభ, విదేశీ అనుభవం, నిలకడైన నిర్వహణ కలిసి ఫలితమిచ్చాయనడంలో సందేహం లేదు.

కానీ డైమండ్ హార్బర్‌ను ‘చిన్న క్లబ్’ అనడంలో ఒక చిక్కు ఉంది. దాని వ్యవస్థాపకుడు తృణమూల్ కాంగ్రెస్ అఖిల భారత ప్రధాన కార్యదర్శి, ఆ నియోజకవర్గ లోక్‌సభ సభ్యుడు అభిషేక్ బెనర్జీ. పుట్టిన మూడేళ్లకే విదేశీ శిక్షకుణ్ణి, విదేశీ ఆటగాళ్లను పోషించగల స్తోమత మైదాన్‌లోని సగటు క్లబ్‌కు ఉండదు. కనుక ఆ క్లబ్ ఎదుగుదల నిచ్చెన పనిచేస్తోందనడానికి రుజువే. ఎవరికి పనిచేస్తోందన్నది వేరే విషయం. వయసులో చిన్నదైన క్లబ్ వేరు, వనరుల్లో చిన్నదైన క్లబ్ వేరు. మొదటిదానికి దారి తెరుచుకుంది. రెండోదానికి తెరుచుకుందని చెప్పడానికి ఇప్పటికీ ఉదాహరణ లేదు.

వనరుల్లో చిన్న క్లబ్ కథ తెలుసుకోవాలంటే యునైటెడ్ స్పోర్ట్స్ క్లబ్ వైపు చూడాలి. చిరాగ్ యునైటెడ్‌గా, ఆపై ప్రయాగ్ యునైటెడ్‌గా స్పాన్సర్‌ను బట్టి పేరు మార్చుకుంటూ వచ్చిన ఈ కోల్‌కతా క్లబ్ ఐ-లీగ్ దేశపు అగ్రశ్రేణి పోటీగా ఉన్న కాలంలో అందులో ఆడింది. 2013లో ఐఎఫ్‌ఏ షీల్డ్ గెలిచింది. స్పాన్సర్ వెళ్లిపోయాక పరిస్థితి తారుమారైంది. 2014లో క్లబ్ లైసెన్సింగ్ ప్రమాణాలను అందుకోలేదన్న కారణంతో చర్చిల్ బ్రదర్స్, రంగ్‌దాజియెడ్ జట్లతో పాటు యునైటెడ్ కూడా లీగ్‌కు దూరమైంది. మైదానంలో పొందిన స్థానాన్ని ఆ క్లబ్ దస్త్రాల్లో పోగొట్టుకుంది. అంతకుముందు టాలీగంజ్ అగ్రగామి సైతం జాతీయ లీగ్ వరకు వెళ్లి, వచ్చినంత నిశ్శబ్దంగా వెనుదిరిగింది.

లైసెన్సింగ్ అన్నది దానంతట అదే చెడ్డది కాదు. ఆటగాళ్లకు జీతాలు సకాలంలో అందాలి, యువజన జట్లు ఉండాలి, స్టేడియం భద్రంగా ఉండాలి, లెక్కలు సరిచూడబడాలి. వీటిని ఎవరూ కాదనరు. అయితే కోల్‌కతా ప్రత్యేక పరిస్థితిని ఆ ప్రమాణాలు పట్టించుకోవు. ఇక్కడి పాత క్లబ్‌లు అనేకం మైదాన్‌లోని ‘టెంట్’ల నుంచే నడుస్తాయి. పేరుకు టెంటే గాని, లోపల కార్యాలయం, ట్రోఫీల బీరువా, క్యాంటీన్, చిన్న గ్యాలరీ ఉంటాయి. ఆ నేల సైన్యం అధీనంలోనిది. అక్కడ క్లబ్ తన సొంత స్టేడియం కట్టుకోవడానికి వీల్లేదు. కాబట్టి పై శ్రేణికి వెళ్లే క్లబ్ సాల్ట్‌లేక్, కిశోర్ భారతి, నైహాటి వంటి ప్రభుత్వ స్టేడియాలను ఆశ్రయించాలి. సొంత మైదానం, దాని చుట్టూ అభిమానులు, దాని నుంచి టికెట్ల ఆదాయం అనే సాధారణ సూత్రం ఇక్కడ మొదటి అడుగులోనే తెగిపోతుంది.

ఇక పై శ్రేణి స్వరూపాన్ని చూస్తే అసలు వైరుధ్యం బయటపడుతుంది. 2014లో సూపర్ లీగ్ ఎనిమిది ఫ్రాంచైజీలతో మొదలైనప్పుడు కోల్‌కతాకు దక్కిన సీటులో మోహన్ బగాన్ గాని, ఈస్ట్ బెంగాల్ గాని లేవు. కలకత్తా లీగ్‌తో ఏ సంబంధమూ లేని అట్లెటికో డి కోల్‌కతా అనే కొత్త జట్టు వచ్చి, తొలి ఏడాదే విజేత అయింది. నూరేళ్ల క్లబ్‌లు ఆరేళ్లు బయటే నిలబడ్డాయి. 2020లో మోహన్ బగాన్ ఆ ఫ్రాంచైజీ యాజమాన్యంతో విలీనమై ప్రవేశించింది. అదే ఏడాది చివరి నిమిషంలో పెట్టుబడిదారుడు దొరకడంతో ఈస్ట్ బెంగాల్ చేరింది. మహమ్మదన్ ఒక్కటే ఆట ద్వారా వచ్చింది. 2024 ఏప్రిల్ 6న షిల్లాంగ్‌లో లాజోంగ్‌పై 2-1 విజయంతో ఐ-లీగ్ టైటిల్ ఖాయం చేసుకుని, ఫ్రాంచైజీ రుసుము చెల్లించకుండా క్రీడార్హతతో పైకి ఎక్కింది.

మరి పైకి వచ్చాక? 2024-25 సీజన్‌లో మహమ్మదన్ 24 మ్యాచ్‌లలో రెండే గెలిచి, 13 పాయింట్లతో 13 జట్ల పట్టికలో చిట్టచివర నిలిచింది. జీతాల బకాయిల వివాదం మధ్య రష్యన్ శిక్షకుడు ఆండ్రీ చెర్నిషోవ్ సీజన్ మధ్యలోనే వెళ్లిపోయాడు. అదే సీజన్‌లో అదే నగరానికి చెందిన మోహన్ బగాన్ లీగ్ షీల్డ్, కప్ రెండూ గెలుచుకుంది. ఒకే ఊరి రెండు క్లబ్‌ల మధ్య ఇంత అగాధం ఆటతో మాత్రమే ఏర్పడదు. కోల్‌కతా నుంచి సూపర్ లీగ్‌లో ఉన్న మూడు క్లబ్‌లలో మెట్లెక్కి వచ్చినది ఒక్కటే, పట్టిక అట్టడుగున ఉన్నదీ అదే. ఈ ఒక్క వాస్తవం చిన్న క్లబ్‌ల భవిష్యత్తు గురించి ఏ సమావేశ తీర్మానం కంటే ఎక్కువ చెబుతుంది.

ఇక్కడ న్యాయంగా మరో మాట కూడా చెప్పుకోవాలి. 2021-22లో 11 జట్లలో చివరి స్థానం ఈస్ట్ బెంగాల్‌ది. ఆ ఏడాది అది గెలిచింది ఒక్క మ్యాచ్. అయినా మరుసటి ఏడాది అదే లీగ్‌లో ఆడింది. ఎందుకంటే కింది శ్రేణికి దించే నియమం అమలులో లేదు. ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య సమక్షంలో 2019లో కుదిరిన ప్రణాళిక ప్రకారం 2024-25 నుంచి ఎక్కడం, దిగడం రెండూ పూర్తిగా అమలు కావలసింది. ఎక్కడం మొదలైంది, దిగడం మొదలుకాలేదు. ఆ మినహాయింపు మహమ్మదన్‌నూ కాపాడింది. మూసిన తలుపు ధనవంతుణ్ణి ఎంత కాపాడుతుందో, కష్టపడి లోపలికి చేరిన పేదవాణ్ణీ అంతే కాపాడుతుంది. అందుకే ఈ విషయంలో చిన్న క్లబ్‌లన్నీ ఒకే మాట మీద ఉండవు.

ఫ్రాంచైజీ యజమానుల వాదనలోనూ పస లేకపోలేదు. ఏటా కోట్లలో నష్టం భరించే వ్యక్తికి, ఒక చెడ్డ సీజన్‌తో రెండో శ్రేణికి పడిపోవలసి వస్తుందంటే పెట్టుబడి పెట్టే ధైర్యం రాదు. అయితే మూసిన లీగ్ ఆ స్థిరత్వాన్ని ఇచ్చిందా అన్నది చూడాలి. వాణిజ్య హక్కుల పదిహేనేళ్ల ఒప్పందం 2025 డిసెంబరు 8న ముగిసింది. దానికి ముందు సమాఖ్య పిలిచిన టెండరుకు ఒక్క బిడ్ కూడా రాలేదు. ఫ్రాంచైజీ సీట్లు ఊళ్లు మారుతూనే ఉన్నాయి. ఢిల్లీ జట్టు 2019లో భువనేశ్వర్‌కు తరలి ఒడిశా ఎఫ్‌సీ అయింది. పుణె స్థానంలో అదే ఏడాది హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి విజేతగా నిలిచిన ఆ హైదరాబాద్ జట్టు నాలుగేళ్లు తిరగకముందే ఢిల్లీకి తరలి పేరు కూడా మార్చుకుంది. ఆటలో ఓడి కిందికి దిగిన క్లబ్ తన ఊళ్లోనే ఉంటుంది, మళ్లీ ఎక్కవచ్చు. చేతులు మారిన ఫ్రాంచైజీ తిరిగి రాదు. హైదరాబాద్ అభిమానులకు ఈ తేడా ఇప్పుడు ఎవరూ వివరించనక్కరలేదు.

భాగ్యనగరంలో మిగిలిన ఆశ ఐ-లీగ్‌లోని శ్రీనిధి డెక్కన్. 2022-23లో, మళ్లీ 2023-24లో ఆ జట్టు రన్నరప్‌గా నిలిచింది. రెండోసారి దాని కంటే ముందున్నది మహమ్మదనే. ఎక్కే దారిలో ఒక్క విజేతకే చోటు ఉన్నప్పుడు రెండో స్థానానికి విలువ శూన్యం. ఆ ఒక్క చోటైనా తిన్నగా దక్కుతుందా అంటే 2024-25 అనుభవం కళ్ల ముందుంది. ఏప్రిల్‌లో ముగిసిన ఐ-లీగ్ విజేత చర్చిల్ బ్రదర్సా, ఇంటర్ కాశీయా అన్నది స్విట్జర్లాండ్‌లోని క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం జూలై 18న తేల్చింది. ఇంటర్ కాశీ గెలిచింది. మైదానంలో మొదలైన పోటీ న్యాయవాదుల రుసుముల వరకు వెళితే, జార్జ్ టెలిగ్రాఫ్ వంటి క్లబ్ దాన్ని భరించగలదా?

ఇంతకంటే చేదు ఉదాహరణ మిజోరంలో ఉంది. ఐ-లీగ్ దేశపు అగ్రశ్రేణి పోటీగా ఉన్న 2016-17లో ఐజోల్ ఎఫ్‌సీ విజేత అయింది. అంతకు ముందు సీజన్‌లో కిందికి జారి, గోవా క్లబ్‌లు తప్పుకోవడం వల్ల తిరిగి చోటు పొందిన జట్టది. దాన్ని నడిపించిన ఖాలిద్ జమీల్ ఇప్పుడు జాతీయ జట్టు శిక్షకుడు. కానీ ఆ ఐజోల్ దేశ విజేతగా నిలిచి కూడా సూపర్ లీగ్‌లో చోటు పొందలేదు. చుట్టూ నియమాలు మారాయి, సూపర్ లీగే అగ్రశ్రేణి అయింది, ఐజోల్ ఉన్నచోటే రెండో శ్రేణి క్లబ్ అయిపోయింది.

ఈ సమస్య భారతదేశానిదే కాదు. అమెరికాలో కోడిగుడ్డు ఆకారపు బంతితో ఆడే కళాశాలల ఫుట్‌బాల్‌లో విశ్వవిద్యాలయాలు కాన్ఫరెన్సులుగా విడిపోయి ఆడతాయి. సీజన్ చివర జాతీయ ప్లేఆఫ్‌కు ఒక కమిటీ జట్లను ఎంపిక చేస్తుంది. నాలుగు జట్ల ప్లేఆఫ్ నడిచిన పదేళ్లలో చిన్న కాన్ఫరెన్సుల నుంచి చోటు దక్కింది ఒక్క సిన్సినాటికే, 2021లో. 2024 నుంచి ప్లేఆఫ్‌ను 12 జట్లకు విస్తరించారు. తొలి ఏడాది బోయిసీ స్టేట్, గత డిసెంబరులో టులేన్, జేమ్స్ మాడిసన్ అందులో ఆడాయి. ముగ్గురూ తమ మొదటి మ్యాచ్‌లోనే ఓడారు. చోట్లు పెంచితే చిన్నవాడు లోపలికి రాగలడు, ధనబలం తేడా మాత్రం అక్కడే ఉంటుంది. ఇంగ్లండ్‌లో లూటన్ టౌన్ ఐదో శ్రేణి నుంచి బయలుదేరి 2023లో ప్రీమియర్ లీగ్ చేరింది. ఏడాదికే కిందికి వచ్చింది, ఆ మరుసటి ఏడాది ఇంకో మెట్టు జారింది. అయినా క్లబ్ బతికే ఉంది. పై శ్రేణిలో ఆడిన ఏడాది టెలివిజన్ ఆదాయంలో వాటా, దిగిన తరువాత కొన్నేళ్లపాటు అందే పరిహారం దాన్ని నిలబెట్టాయి. నిచ్చెనతో పాటు కింద వల కూడా కట్టిన ఏర్పాటు అది. భారత్‌లో ఆ వల లేదు.

సుప్రీంకోర్టు గత సెప్టెంబరు 19న ఆమోదించిన సమాఖ్య నూతన నియమావళి ఈ నేపథ్యంలో ముఖ్యమైనది. విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ లావు నాగేశ్వరరావు రూపొందించిన ముసాయిదాను కొన్ని మార్పులతో జస్టిస్ పి.ఎస్.నరసింహ నేతృత్వంలోని ధర్మాసనం ఆమోదించింది. భారత ఫుట్‌బాల్ రాజ్యాంగానికి తుదిరూపు ఇచ్చినవారిలో ఇద్దరు తెలుగువారు ఉండడం యాదృచ్ఛికమే అయినా చెప్పుకోదగినది. అగ్రశ్రేణి లీగ్ సమాఖ్య యాజమాన్యంలో ఉండాలనీ, అందులో ఎక్కడం, దిగడం రెండూ అమలు కావాలనీ ఆ నియమావళి నిర్వచనంలోనే పేర్కొంది. ఇంతవరకు ప్రణాళికగా ఉన్నది ఇకపై బాధ్యత అవుతుంది.

నియమం ఒక్కటే సరిపోదని మహమ్మదన్ అనుభవం చెబుతోంది. పైకి వచ్చిన క్లబ్‌కు తొలి రెండేళ్లు కేంద్ర నిధి నుంచి హామీతో కూడిన వాటా, లైసెన్సు ప్రమాణాలను దశలవారీగా అందుకునే గడువు, ప్రభుత్వ స్టేడియాల అద్దెలో రాయితీ వంటి ఏర్పాట్లు లేకపోతే ప్రతి చిన్న క్లబ్ పైకి రావడానికి ఒక పోషకుణ్ణి, నిలవడానికి మరో పోషకుణ్ణి వెతుక్కోవలసి ఉంటుంది. పోషకుడు రాజకీయ నాయకుడైనా, వ్యాపారి అయినా, అతని ఆసక్తి తగ్గిన రోజు ఏమవుతుందో యునైటెడ్ చరిత్రలో రాసే ఉంది.

ప్రతిభకు మాత్రం కొరత లేదు. 2024 డిసెంబరు 31న హైదరాబాద్‌లో జరిగిన సంతోష్ ట్రోఫీ ఫైనల్‌లో కేరళను 1-0తో ఓడించి బెంగాల్ 33వ సారి విజేత అయింది. ఆఖరి క్షణాల్లో గోల్ కొట్టిన రోబీ హాన్స్‌దా ఆ టోర్నమెంట్‌లో 12 గోల్స్ చేశాడు. సంజయ్ సేన్ శిక్షణలోని ఆ బృందాన్ని చూసిన గచ్చిబౌలి ప్రేక్షకులకు వారిలో చాలామంది పేర్లు కొత్తవి. ఎందుకంటే సూపర్ లీగ్ ప్రసారాలలో ఆ పేర్లు వినిపించవు, అవి మైదాన్ లీగ్‌ల పేర్లు. జాతీయ ఛాంపియన్‌షిప్ గెలవగల ఆటగాళ్లు ఉన్న లీగ్, జాతీయ లీగ్‌కు ఒక క్లబ్‌ను పంపి నిలపలేకపోతే లోపం ఆటగాళ్లలో లేదు.

రాబోయే నెలల్లో రెండు పట్టికలను ఒకేసారి గమనించవలసి ఉంటుంది. ఐ-లీగ్‌లో ఒక్కో ప్రత్యర్థితో ఒక్కసారే ఆడే పది మ్యాచ్‌ల కురచ సీజన్ డైమండ్ హార్బర్ వంటి జట్టుకు అనుకూలించవచ్చు. ఇందులో లీగ్ కంటే కప్పు లక్షణమే ఎక్కువ. సూపర్ లీగ్‌లో 13 మ్యాచ్‌ల సీజన్ మహమ్మదన్‌కు తేరుకునే వ్యవధి ఇవ్వదు. నియమావళిలోని ఎక్కడం, దిగడం రెండూ అక్షరాలా అమలైతే, ఈ వేసవి ముగిసేసరికి కోల్‌కతా నుంచి ఒక క్లబ్ పైకి వెళ్లి, దానికంటే 131 ఏళ్లు పెద్దదైన మరొకటి కిందికి రావచ్చు. సాల్ట్‌లేక్‌లో పెద్ద జట్ల మ్యాచ్‌కు వేలాది జనం చేరే అదే వారంలో, మైదాన్ టెంట్ల పక్కన ఎరియన్, కాలీఘాట్ కుర్రాళ్లు ఎప్పటిలాగే ఉదయపు సాధన చేస్తూ ఉంటారు.